జ్వరవిముక్తులకు ఘన సన్మానం

పెదగొల్లపాలెం ఏరియా ఆసుపత్రి జ్వరాల వార్డులో హెడ్ సిస్టర్ ఎస్తేరు రాణికి జ్వరమంటే భయం లేదు. నూట నాలుగు జ్వరంతో మనిషి ఏవేవో పలవరిస్తూ వచ్చినా, "ఆ కిటికీ పక్క బెడ్డు మీద పడుకోబెట్టండి, చెప్పులు బయట విడవండి" అని తన పని తను చూసుకునేది. ఆవిడ గుండెల్లో రాయి పడేది జ్వరం తగ్గినప్పుడు. పొద్దున్నే థర్మామీటరులో తొంభై ఎనిమిది కనబడగానే చుట్టాలంతా దేవుడికి దండాలు పెడుతుంటే, ఈవిడ ముఖం ముడుచుకుని రోగి వేళ్ళు చల్లగా ఉన్నాయేమోనని నొక్కి నొక్కి చూసేది. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు ఒంటేలుకి వెళ్ళాడో అడిగి రాసుకునేది. ఈ సిస్టరమ్మకి మనం బాగుపడడం ఇష్టం లేదు కాబోలని కొత్తగా వచ్చినవాళ్ళు గొణుక్కునేవారు.

వాళ్ళకేం తెలుసు పాపం! డెంగీది దొంగబుద్ధి అని ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఆవిడ కళ్ళారా చూసింది. జ్వరం ఉన్నన్నాళ్ళూ అది గోల పెట్టి మరీ తను ఉన్నానని చెబుతుంది. జ్వరం దిగి అందరూ హమ్మయ్య అనుకున్నాక, ఆ ఒకటి రెండు రోజుల్లోనే కొందరికి రక్తనాళాల్లోని నీరు బయటికి ఊరిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. నవ్వుతూ కబుర్లు చెప్పిన మనిషి గంటలో చల్లబడిపోతాడు. అందరికీ ఇలా జరగదు. ఎవరికి జరుగుతుందో ముందుగా ఎవరి మొహమ్మీదా రాసి ఉండదు. కాబట్టి ఆ రెండు రోజులూ అందర్నీ కళ్ళల్లో వత్తులు వేసుకుని కనిపెట్టుకుని ఉండాలి. అంతకన్నా పెద్ద విద్యేం లేదు. ఆ రెండు రోజులు ఇస్తే చాలు, ఎస్తేరు రాణి ఎవర్నీ పోనిచ్చేది కాదు.

ఆ రెండు రోజులకే ఎసరు వచ్చింది.

సూపరింటెండెంటు డాక్టర్ విశ్వంభరం గారు ఎముకల డాక్టరు. మంచి డాక్టరే, విరిగిన చెయ్యి అతికిస్తే మళ్ళీ విరిగేది కాదు. కానీ ఆయన్ని ఎవరో మూడు రోజుల శిక్షణకి పంపారు. అక్కడ విజయాలను వెలికితీయడం ఎలా అన్న విషయం మీద ఒకాయన గోడ మీద బొమ్మలు వేసి చెప్పాడట. తిరిగొచ్చిన మర్నాడే సిబ్బందినంతా పిలిచి మీటింగు పెట్టారు.

"మన ఆసుపత్రిలో రోగం కనిపిస్తోంది. ఆరోగ్యం కనిపించడం లేదు!" అన్నారు బల్ల మీద గుద్ది. "జ్వరంతో వచ్చినవాడు జ్వరం లేకుండా వెళుతున్నాడు. ఇది విజయమా కాదా? మరి ఈ విజయాన్ని మనం ఉత్సవంగా ఎందుకు జరుపుకోవడం లేదు?"

అందరూ తలలు ఊపారు. నోరు విప్పితే ఆ ఉత్సవం ఏర్పాట్లు తమ మెడకే చుట్టుకుంటాయని అందరికీ తెలుసు.

సాయంత్రానికల్లా సర్క్యులర్ అతికించారు. "జ్వరముతో చేరిన రోగి జ్వరము లేని స్థితిని చేరుకొనిన తక్షణము సదరు రోగి జ్వరవిముక్తుడుగా పరిగణింపబడును. సదరు జ్వరవిముక్తుని గంటలోపు శాలువాతో సత్కరించి, ప్రశంసాపత్రము నొసంగి, ఛాయాచిత్రము గైకొని, పడకను ఖాళీ చేయించవలెను. శాలువా కప్పని సత్కారము సత్కారముగా పరిగణింపబడదు. సత్కారము పొందని రోగి కోలుకొనినట్లు పరిగణింపబడడు."

ఎస్తేరు రాణి దాన్ని రెండుసార్లు చదివి, "ఓరి నాయనో, సరిగ్గా ప్రమాదం మొదలయ్యే గంటకి శాలువా కప్పి గేటు బయట నిలబెడతారటే!" అంది డ్యూటీ డాక్టరు హిమజతో. హిమజ కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. చదువు నిండుగా ఉంది, ధైర్యం ఇంకా కూడబెట్టుకుంటోంది. ఆ పిల్ల కూడా సర్క్యులర్ చదివి కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివింది. అందులో మాటేమీ మారలేదు.

మొదటి రెండు వారాల్లో పదిహేడుగురికి శాలువాలు కప్పారు. పదిహేడోవాడు వడ్రంగి ముత్యాలు. సోమవారం సన్మానం చేయించుకుని వెళ్ళి, మంగళవారం మధ్యాహ్నం అదే శాలువా కప్పుకుని తిరిగొచ్చాడు. ఒళ్ళంతా చెమట, పాదాలు చల్లగా ఉన్నాయి, కడుపులో నొప్పని వంగిపోతున్నాడు. గేటు దగ్గర గార్డు అతని నుదుటికి మిషను గురిపెట్టి, "తొంభై ఏడు పాయింట్ నాలుగు. జ్వరం లేదు. జ్వరాల వార్డులోకి జ్వరం లేనివాళ్ళు రాకూడదు" అన్నాడు. మెడికల్ వార్డుకి తీసుకెళితే, "డెంగీనా? అది జ్వరాల వార్డు కేసు కదమ్మా" అన్నారు. ఆ రెండు తలుపుల మధ్య చక్రాల కుర్చీలో మనిషి వాలిపోతుంటే ఎస్తేరు రాణి పరిగెత్తుకొచ్చి, వరండాలోనే సూది పెట్టి, కిటికీ ఊచకి సెలైన్ సీసా కట్టి, అంబులెన్సెక్కించి పెద్దాసుపత్రికి పంపింది. ముత్యాలు బతికాడు. ఎలా బతికాడో ఆవిడకి ఇప్పటికీ నమ్మకం కుదరదు. ఆసుపత్రి లెక్కలో మాత్రం ముత్యాలు సోమవారమే బతికాడు. మంగళవారం వచ్చిన ముత్యాలు ఎవరో వాళ్ళ రికార్డులో లేడు.

మర్నాడు ఆవిడ సూపరింటెండెంటు గదికి వెళ్ళింది.

"సార్, డెంగీకి జ్వరం తగ్గాక రెండు రోజులు ఉంచాలండి. అప్పుడే ప్రమాదం."

విశ్వంభరం గారు జాలిగా నవ్వారు. "సిస్టర్, మీరు ఏమంటున్నారో మీకు అర్థమవుతోందా? జ్వరం ఉన్నప్పుడు ప్రమాదం లేదు, జ్వరం పోయాక ప్రమాదం ఉంది! ఇది ప్రజల్లోకి వెళితే, జ్వరం తగ్గించినందుకు మనల్ని తంతారు."

"నేను చెప్పేది కాదండీ, వైద్యం పుస్తకంలోనే ఉంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోంచి రక్తం, మత్తుగా పడి ఉండడం, కాళ్ళూ చేతులూ చల్లబడడం, ఇవన్నీ జ్వరం దిగాకే..."

"ప్రతికూల పదజాలం వద్దు సిస్టర్. శిక్షణలో మొదటి రోజే చెప్పారు" అని ఆయన చెయ్యెత్తి ఆపేశారు. "ముత్యాలు విషయంలో మీరు వరండాని వార్డుగా వాడారు. దానికి మెమో ఇవ్వాల్సి ఉంది. సీనియర్ కదా అని ఊరుకుంటున్నాను. ఇంకోసారి జ్వరవిముక్తుల్ని ఆపితే సస్పెన్షనే."

బయటికొచ్చి ఎస్తేరు రాణి మంచినీళ్ళ కుండ దగ్గర నిలబడి కాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక ఆవిడకి కోపం వచ్చింది. కోపం వస్తే ఆవిడ బుర్ర బాగా పనిచేస్తుంది.

మొదట చేసిన పని మాత్రం తెలివితక్కువదే, ఒప్పుకోవాలి. జ్వరం తగ్గిన రోగుల థర్మామీటరుని వేడి టీ గ్లాసులో ముంచి తీసి, ఆ అంకెని ఛార్టులో ఎక్కించింది. హడావుడిలో టీ కాస్త ఎక్కువ వేడిగా ఉండి, ఒక్క ఉదయాన ఆరుగురికి నూట తొమ్మిది నమోదైంది. పైఆఫీసు కంప్యూటరు లబలబలాడింది. మనుషులు ఉడికిపోతున్నా కూర్చుని పెసరట్టు తింటున్నారేమిటని విచారణకి ఇద్దరు వచ్చారు. చివరికి తప్పు థర్మామీటర్ల మీదకి నెట్టి, వాటిని సస్పెండ్ చేసి వెళ్ళారు.

అప్పుడు తట్టింది ఆవిడకి అసలు ఉపాయం. ఈసారి వాదించడానికి వెళ్ళలేదు, పొగడడానికి వెళ్ళింది.

"సార్, ఇంత గొప్ప కార్యక్రమం కదండీ. సన్మానం మా చేత, వార్డుబాయి చేత చేయిస్తే ఏం బాగుంటుంది? ముఖ్య అతిథి ఉండాలి గానీ. వేదికా, బ్యానరూ..."

విశ్వంభరం గారి కళ్ళు చెమర్చాయి. "సిస్టర్! ఇన్నాళ్ళకి మీరు ఉద్యమంలోకి వచ్చారు!"

సవరణ సర్క్యులర్ వచ్చింది. ఇకపై ప్రతి జ్వరవిముక్తునికీ ముఖ్య అతిథి చేతుల మీదుగానే సత్కారం. అతిథి వచ్చేవరకూ సదరు జ్వరవిముక్తుడు "సత్కార నిరీక్షణ"లో ఉన్నట్లు పరిగణింపబడును.

మన దేశంలో ముఖ్య అతిథి చెప్పిన వేళకి ఎక్కడైనా వచ్చాడా, మీరే చెప్పండి. బుధవారం వస్తానన్నవాడు గురువారం ఫోనెత్తడు, శుక్రవారం "దారిలో ఉన్నాను" అంటాడు. ఎస్తేరు రాణి ఆలస్యంలో పేరుమోసిన వాళ్ళ జాబితా తయారుచేసి పెట్టుకుంది. ప్రారంభోత్సవానికి రానందువల్ల మూడేళ్ళుగా తెరుచుకోని మార్కెట్టు తాలూకు పెద్దమనిషి పేరు అందులో మొదట ఉంది. సత్కార నిరీక్షణలో ఉన్నవాళ్ళకి ఆవిడా హిమజా నాలుగేసి గంటలకోసారి బీపీ చూసేవాళ్ళు, రక్తం చిక్కదనం పరీక్ష చేయించేవాళ్ళు. చిక్కబడిన వాళ్ళకి కొలత ప్రకారం సెలైన్ పెట్టేవాళ్ళు. అతిథి వచ్చేసరికి మనిషి లేచి కూర్చుని అన్నానికి పేచీ పెట్టేవాడు. ఇరవై ముగ్గురు అలా గట్టెక్కారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఇదంతా శాలువా మహిమని విశ్వంభరం గారు పైకి రాసుకున్నారు.

ఆ రాత చూసే వచ్చి పడింది కష్టం.

ఆ బుధవారం పొద్దున జ్వరం దిగినది ఎర్నమ్మకి. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి ఆమెది. ముప్ఫై ఏళ్ళుంటాయి, ఇద్దరాడపిల్లలు. మొగుడు సన్యాసప్పడు ఐదు రోజులుగా మంచం కోడు వదల్లేదు. జ్వరం దిగిందనగానే మనిషి చిన్నపిల్లాడిలా గంతేశాడు.

"ఒంట్లో పేనం వచ్చినట్టుందమ్మా సిస్టరమ్మా! ఇంటికెలిపోమా?"

"ఎక్కడికీ వెళ్ళొద్దు. శుక్రవారం సన్మానం. అందాకా ఇక్కడే ఉండాలి. గ్లాసు గ్లాసుగా ఓఆర్‌ఎస్ పట్టించు. వాంతి అయినా, కడుపునొప్పన్నా, వచ్చి నన్ను లాక్కుపో. నొప్పికి బయట ఏ మాత్రా కొని వెయ్యకు, రక్తం కారుతుంది. తెలిసిందా?"

"తెలిసినాది తల్లీ. ఒల్లు తిరిగితే ఏటి సేయాల?"

"అదీ చెప్పు. ఏదైనా చెప్పు."

పదిన్నరకి సూపరింటెండెంటు గారి గది నుంచి కబురు. రీజనల్ డైరెక్టర్ కోదండపాణి గారు ఈ శాలువా వైద్యాన్ని స్వయంగా చూడాలనుకుంటున్నారట. శుక్రవారం కాదు, ఈ రోజే. పదకొండుకి.

"ఎవరొస్తానన్నా పదకొండంటే సాయంత్రం అయిదులే" అనుకుంది ఎస్తేరు రాణి. పది యాభై ఎనిమిదికి గేటు దగ్గర కారు ఆగింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో కోదండపాణి గారు వేళకి రావడం అదే మొదటిసారని ఆయన డ్రైవరే తర్వాత చెప్పాడు.

ఎర్నమ్మని కుర్చీలో కూర్చోబెట్టి వరండాలో వేదిక ఎక్కించారు. వెనక బ్యానరు, పక్కన పూలదండ వేసిన సెలైన్ స్టాండు. జ్యోతి ప్రజ్వలన మొదలైంది. ఫ్యాను గాలికి ఒత్తి ఆరిపోతే మళ్ళీ వెలిగించారు. ఫ్యాను కట్టమని ఎవరో అన్నారు. కడితే పెద్దలకి చెమట పడుతుందని ఎస్తేరు రాణి కట్టనివ్వలేదు. ఇరవై నిమిషాలు అలా గడిచాయి. ప్రార్థనా గీతంలో చరణాలు ఎన్నుంటే అన్నీ పాడమని పాడే అమ్మాయికి చెప్పింది. స్వాగతోపన్యాసానికి స్టోర్సు గుమస్తాని లేపింది. ఆయనకి మైకు దొరకడం పదేళ్ళ కల, ఇక వదలడని ఆవిడకి తెలుసు.

తర్వాత కోదండపాణి గారు లేచారు. "ఈ సోదరి ముఖంలో నేను ఆరోగ్యాన్ని చూస్తున్నాను!" అని మొదలుపెట్టారు.

ఎస్తేరు రాణి ఆ సోదరి ముఖం చూసింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఎర్నమ్మ కుర్చీలో కుదురుగా ఉండలేక అటూ ఇటూ కదులుతూ, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, దండలోకే వాంతి చేసుకుంది. కిందనుంచి సన్యాసప్పడు పరిగెత్తుకొచ్చి సిస్టరు చెయ్యి పట్టి లాగాడు.

"సిస్టరమ్మా, నువ్వు సెప్పినావే, అదే! కడుపు నొప్పంతాంది. సేతులు సూడు, మంచుగెడ్డ నాగున్నాయి!"

"ఆనందంతో ఉక్కిరిబిక్కిరి అవుతున్నారు" అన్నారు కోదండపాణి గారు మైకులో. సభ చప్పట్లు కొట్టింది.

హిమజ వేదిక మీదనే మోకాళ్ళ మీద కూర్చుని బీపీ చూసింది. "నూరు, ఎనభయ్యారు" అంది, గొంతు వణికిపోతూ. "సిస్టర్, పైదానికీ కిందిదానికీ మధ్య పద్నాలుగే ఉంది. ఇరవైకి పైనే ఉండాలి. షాక్‌లోకి వెళుతోంది. పొద్దున ముప్ఫై ఎనిమిది ఉన్న రక్తం చిక్కదనం ఇప్పుడు ఎంతుందో..."

"లోపలికి తీసుకెళదాం పద."

"ఎక్కడికి?" విశ్వంభరం గారు అడ్డం నిలబడి పళ్ళు బిగించి నవ్వుతున్నారు, ఎదురుగా కెమెరా ఉంది మరి. "ప్రశంసాపత్రం మీద సంతకం అయిపోయింది. కోలుకున్న మనిషిని, డైరెక్టరు గారి ముందు, మళ్ళీ వార్డులో చేరుస్తారా? ఏ నిబంధన కింద? ఆవిడకి జ్వరం కూడా లేదు!"

"సార్, మనిషి పోతుంది!"

"శాలువా! శాలువా తెండి, ముందు కార్యక్రమం ముగిద్దాం!"

ఆ క్షణంలో ఎస్తేరు రాణికి భయమంతా ఎక్కడికో పోయింది. వేదిక పక్క పళ్ళెంలో మడతపెట్టిన శాలువాని తీసి చంకలో పెట్టుకుంది.

"శాలువా ఇప్పుడు కుదరదండి. స్టెరిలైజ్ చెయ్యాలి. రోగిని తాకే ప్రతి గుడ్డనీ ఆటోక్లేవు ఆవిరి డ్రమ్ములో పెట్టి తియ్యాలని మీ సర్క్యులరే, తొమ్మిదో నంబరు. పెద్ద డైరెక్టరు గారు ముట్టుకునే గుడ్డ కూడాను. ఇన్ఫెక్షను వస్తే ఎవరిది బాధ్యత?"

కోదండపాణి గారు చేతులు గబుక్కున వెనక్కి లాక్కున్నారు. "నిబంధన నిబంధనే. ఎంతసేపు పడుతుంది?"

"ఉడకాలి, ఆరాలి, డ్రమ్ము చల్లారాలి, సీలు వెయ్యాలి, రిజిస్టరులో ఎక్కాలి. రెండు రోజులండి."

"రెండు రోజులా!"

"శాలువా కప్పని సత్కారం సత్కారం కాదని సర్క్యులర్‌లో ఉందండి. సత్కారం పొందనివాళ్ళు కోలుకున్నట్టు కూడా కాదు. కాబట్టి ఈవిడ ఇంకా పేషెంటే. పక్కకి జరగండి సార్."

ఆ సర్క్యులర్లలో ప్రతి అక్షరమూ విశ్వంభరం గారు రాసిందే. ఆయన పక్కకి జరిగారు.

తర్వాత జరిగినదాంట్లో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, అదంతా వైద్యం. చెరో చేతికీ సూది. మొదటి గంట సెలైన్ గబగబా, తర్వాత బీపీ చూస్తూ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ. రక్తం చిక్కదనం నలభై తొమ్మిదికి వెళ్ళి, మూడు గంటలకి నలభై అయిదుకి దిగింది. సన్యాసప్పడు మంచం కోడు పట్టుకుని, "ప్లేట్‌లెట్లో ఏటో అంతారు గదమ్మా, ఎక్కించరా?" అని పదిసార్లు అడిగాడు. "రక్తం కారితే ఎక్కిస్తాం బాబూ, ఊరికే అంకె చూసి కాదు. ఇప్పుడు ఈమెకి కావలసింది నీరు, అదీ లెక్కగా. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరుతుంది" అని పదిసార్లూ హిమజే ఓపిగ్గా చెప్పింది. ఆ పిల్ల గొంతు ఇప్పుడు వణకడం లేదు. సాయంత్రం అయిదుకి ఎర్నమ్మ వేళ్ళు వెచ్చబడ్డాయి. ఆరుకి ఒంటేలుకి వెళ్ళింది. ఎస్తేరు రాణి ఆ మూత్రం పట్టిన సీసాని వెలుతురుకి ఎత్తి పట్టి చూసి, ప్రపంచంలో ఇంత అందమైన వస్తువు లేదన్నట్టు మురిసిపోయింది.

శుక్రవారానికి ఎర్నమ్మ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆసుపత్రి ఇడ్లీకి వంకలు పెడుతోంది. "ఇది ఇడ్లీయేటమ్మా? గోడకేసి కొడితే గోడ పడిపోద్ది" అంది. ఆ మాట వినగానే ఎస్తేరు రాణి సెలైన్ తీసేసింది. శనివారం ఇంటికి పంపింది. శాలువా కావాలా అని అడిగితే, "ఒల్ల తల్లీ, నాకొద్దు" అని దండం పెట్టి మరీ వెళ్ళిపోయింది.

కోదండపాణి గారు మాత్రం శాలువా కప్పకుండా, ఫోటో లేకుండా తిరిగి వెళ్ళాల్సి వచ్చినందుకు చాలా బాధపడ్డారు. విచారణ సంఘం వేశారు. సంఘం పది రోజులు కూర్చుని, నలభై పేజీల నివేదిక ఇచ్చింది. అందులో డెంగీ అన్న మాట ఎక్కడా లేదు. వైద్యం పూర్తయ్యాక సత్కారం పెట్టుకోవడం వల్లే ఆలస్యాలు, వాంతులు వగైరా అసౌకర్యములు కలుగుతున్నవని తేల్చింది. దాన్నిబట్టి కొత్త ఉత్తర్వు వచ్చింది.

"ఇకపై జ్వరముతో వచ్చు ప్రతి రోగిని చేరిక సమయముననే శాలువాతో సత్కరించి, కోలుకొనినట్లు ప్రశంసాపత్రము నొసంగి, రికార్డులందు డిశ్చార్జి చూపవలెను. తద్వారా కోలుకొను కాలము శూన్యమునకు తగ్గింపబడును."

ఆ సోమవారం ఏడుగురు వచ్చారు, ఒక్కొక్కరికీ నూట మూడుకి తగ్గకుండా జ్వరం. చలికి గడగడ వణికిపోతున్నవాళ్ళని వరసగా నిలబెట్టి శాలువాలు కప్పారు. చలి కదా, ఎవరూ కాదనలేదు. సంపూర్ణ ఆరోగ్యవంతులైనట్టు పత్రాలు చేతిలో పెట్టి ఫోటోలు తీశారు. కంప్యూటరులో ఏడుగురూ ఇంటికి వెళ్ళిపోయారు. కోలుకోవడానికి పట్టిన కాలం సున్నా నిమిషాలు. పెదగొల్లపాలెం ఏరియా ఆసుపత్రికి మొదటి ర్యాంకు వచ్చింది. విశ్వంభరం గారు స్వీట్లు పంచి, ఇక చూడవలసినదేమీ లేదు గనక ఆ వార్డు వైపు రావడం మానేశారు.

ఉత్తర్వు పట్టుకుని హిమజ ఏడుపు మొహంతో వచ్చింది. "సిస్టర్, ఇప్పుడేం చేద్దాం? రికార్డు ప్రకారం వార్డులో ఒక్క పేషెంటు కూడా లేడు. మంచాల మీదున్న వీళ్ళని ఇంటికి పంపమని అడిగేవాళ్ళూ లేరు, ఎందుకు ఉంచారని అడిగేవాళ్ళూ లేరు."

ఎస్తేరు రాణి ఆ కాయితాన్ని చదివింది. హిమజ అన్న చివరి మాట మళ్ళీ ఒకసారి చెప్పమంది. హిమజ చెప్పింది. అప్పుడు ఆవిడ ముఖం మెల్లగా విచ్చుకుంది.

"ఎంత చల్లని మాట చెప్పావే తల్లీ! పేషెంట్లందరూ వెళ్ళిపోయారు. ఆ తలుపు వేసి, బీపీ మిషను తీసుకురా. వైద్యం మొదలుపెడదాం."